బుజ్జిని బుజ్జిగానే ఉండనీ

తేజా,

నీ కథ రెండు ప్రతులూ చదివాను. మొదటి దాంట్లో ఆ పిల్ల పేరు బుజ్జి, రెండో దాంట్లో బుజ్జమ్మ. ఎందుకు మార్చావని అడిగితే "బుజ్జి అంటే ఆడో మగో తెలియట్లేదన్నారండీ" అని రాశావు. దయచేసి మళ్లీ బుజ్జి చేసెయ్.

మన వైపు చాలా పేర్లు మొక్కులోంచి వస్తాయి. సింహాచలం కొండ మీది అప్పన్న స్వామికి మొక్కుకుంటే పుట్టిన బిడ్డ సింహాచలం, కొడుకైనా అంతే, కూతురైనా అంతే. అప్పలనాయుడు, అప్పలమ్మ అన్నప్పుడు కూడా ఆడా మగా చెప్పేది చివర తగిలించిన మాట, ముందున్న అప్పల ఇద్దరిదీ. బొబ్బిలి నుంచి ఎంపీగా గెలిచిన కొండపల్లి పైడితల్లి నాయుడు పేరు వినే ఉంటావు, అందులో విజయనగరం పైడితల్లి అమ్మవారు ఉందన్న ఆలోచనే మనకి రాదు.

చీపురుపల్లిలో మా వీధిలో ఇద్దరు సింహాచలాలు ఉండేవారు, కిరాణా కొట్టాయన ఒకరు, నూతి పక్కింటావిడ ఒకరు. కొత్తగా వచ్చిన పోస్టుమేన్ సైకిల్ ఆపి, ఒక కాలు నేలకి ఆనించి, కవరు పైకెత్తి "సింహాచలం ఎవరండీ?" అంటే, అరుగు మీద చేటలో బియ్యం ఏరుతున్న మా అమ్మ తలెత్తకుండానే "కొట్టా, నుయ్యా?" అనేది. పాత్రని ఎలా గుర్తుపట్టించాలో నాకు అక్కడే తెలిసింది.

అయినా తెలుగులో నీకు ఆ టెన్షన్ ఎందుకు? "బుజ్జి గోడ దూకింది" అని రాశావంటే క్రియే చెప్పేస్తుంది. నిజంగా దాచాలనుకుంటే బుజ్జి చేతే కథ చెప్పించు, "దూకాను" అంటే ఎవరికీ తెలియదు.

నాకు అసలు బాధ కలిగింది వేరే చోట. మొదటి ప్రతిలో నాన్న రాత్రి షిఫ్టు నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూనే, "ఏరా బుజ్జీ, తిన్నావా?" అంటాడు. కూతుర్ని "ఏరా" అనే ఆ తండ్రిని నేను ఎరుగుదును, మన ఊళ్లలో ఇంటికొకడు ఉంటాడు, ముద్దొస్తే "నాన్నా" అని కూడా పిలుస్తాడు. పేరు మార్చాక ఆ మాట "ఏమ్మా బుజ్జమ్మా, భోంచేశావా?" అయిపోయింది. ఎవరో చుట్టం పలకరించినట్టుంది. నీకు తెలియకుండానే తండ్రి కూడా మారిపోయాడు, చూసుకున్నావా?

ఆ "ఏరా" వెనక్కి పెట్టి మూడో ప్రతి పంపు. పైడితల్లి సిరిమాను పండక్కి విజయనగరం వస్తున్నాను, చేతికిచ్చినా సరే.