ఎవరు చూసి రాశారు?

తమ్ముడూ,

చైనా గోడ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష బాగుంది. కానీ మూడో పేరాలో 'చంద్రుడి మీద నుంచి కంటికి కనిపించే ఏకైక మానవ నిర్మాణం' అని రాశావే, అక్కడ ఆగిపోయాను. పైగా ఉత్తరంలో 'ఎనిమిది వెబ్‌సైట్లలో సరిచూసుకున్నాను సార్' అన్నావు. ఆ 'ఎనిమిది' అన్న మాటే నాచేత ఇదంతా రాయిస్తోంది.

ఎనిమిది చోట్ల ఉన్నంత మాత్రాన ఎనిమిది ఆధారాలు అయిపోవు. ఒకరిని చూసి ఒకరు రాసుకున్నారేమో చూశావా? ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనైనా ఎంతసేపైనా వాదిస్తాను: మాట ఎన్ని చోట్ల ఉందన్నది కాదు, మొదట ఎవరు, దేన్ని చూసి చెప్పారన్నది అడగాలి. నీ వాక్యాన్నే పట్టుకుని వెనక్కి నడువు. 1932లో ఒక అమెరికన్ కార్టూన్‌లో ఇదే మాట ఉంది. ఇంకా వెనక్కి వెళ్తే 1754లో విలియం స్టకెలీ అనే ఇంగ్లండ్ పురాతత్వ పరిశోధకుడు ఒక ఉత్తరంలో ఇలాంటిదే రాశాడు. అప్పటికి మనిషి బెలూన్‌లో కూడా ఎగరలేదు, అది 1783లో. చంద్రుడి మీద కాలు పెట్టింది 1969లో. అంటే ఎవరూ చూడకముందే రాసిన మాటను నువ్వు చూసినట్టు రాశావు. చంద్రుడు సగటున 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు, ఆ గోడ వెడల్పు చాలాచోట్ల పది మీటర్లు కూడా ఉండదు. తల వెంట్రుకను రెండున్నర కిలోమీటర్ల దూరం నుంచి చూడాలనుకోవడం లాంటిది అది. 2003లో చైనా తొలి వ్యోమగామి యాంగ్ లీవెయ్ భూమి చుట్టూ తిరిగి వచ్చి, తనకు గోడ కనిపించలేదనే చెప్పాడు. మరుసటి ఏడాది అంతరిక్ష కేంద్రం నుంచి అమెరికన్ వ్యోమగామి లెరాయ్ చియావ్ తీసిన ఫోటోలో గోడ పడింది కానీ, అది కెమెరా లెన్స్ చూసింది, తను చూశానని ఆయనకే నమ్మకం లేదు. చూసినవాడు ఎంత జాగ్రత్తగా మాట్లాడతాడో గమనించు.

ఇప్పుడు నువ్వు దీన్ని 'కనిపిస్తుందని కొందరు, కనిపించదని కొందరు అంటారు' అని దిద్దుతావేమోనని నా భయం. దయచేసి ఆ పని చెయ్యకు. నిష్పాక్షికత అంటే అటు సగం ఇటు సగం తూచడం కాదు. ఈమధ్య అదో ఫ్యాషన్ అయిపోయింది, తేల్చగలిగినదాన్ని కూడా తేల్చకుండా వదిలేసి దాన్ని సమతూకం అంటున్నారు. 'నిపుణులు చెబుతున్నారు' కూడా తీసెయ్, ఏ నిపుణుడో పేరు రాయి.

ఒక దగ్గర గోడ పొడవు 8,850 కిలోమీటర్లు అన్నావు, రెండు పేజీల తర్వాత 21,196 అన్నావు. నీకు తెలియలేదు గానీ రెండూ తప్పు కాదు. మొదటిది చైనాను ఏలిన మింగ్ రాజవంశం కట్టించిన గోడ మాత్రమే, 2009లో చైనా ప్రకటించిన సర్వే. రెండోది అన్ని వంశాల కాలంలో కట్టినవన్నీ కలిపి 2012లో చెప్పిన లెక్క. అంకె ఒక్కదాన్ని తెచ్చుకుంటే సరిపోదు, దేన్ని కొలిచారో, ఎప్పుడు కొలిచారో కూడా వెంట తెచ్చుకోవాలి. అది అసలు ప్రకటన దాకా వెళ్తేనే దొరుకుతుంది. వికీపీడియా చూడు, తప్పు లేదు, కానీ అక్కడ ఆగకు, పేజీ కింద ఇచ్చిన ఆధారాలు తెరిచి చదువు.

నేను మొదట్లో ఒక వంతెన గురించి వ్యాసం రాశాను. దాని ప్రారంభ సంవత్సరం ఎవరో చెబితే రాసుకున్నాను. 'స్థానికులు చెప్పిన ప్రకారం' అని పెట్టాను కూడా, ఆ పత్రిక సంపాదకుడు ఎర్ర ఇంకుతో ఆ మూడు మాటలూ కొట్టేశాడు, పాఠకుడికి అడ్డమట. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు. చాలా ఏళ్ల తర్వాత అదే వంతెన మీద మళ్ళీ రాయాల్సి వచ్చి వెతికితే, ఒక పుస్తకంలో అదే సంవత్సరం కనిపించింది. నిశ్చింతగా వాడేశాను. అచ్చయిన వారానికి ఒక పోస్టుకార్డు వచ్చింది: 'వంతెన మొదట్లోనే రాతిపలక ఉందండీ, దాని మీద వేరే సంవత్సరం ఉంది.' వెళ్ళి చూశాను. నాచు గీకి, అంకెల మీద వేలు పెట్టి చదివాను. నాలుగేళ్ల తేడా. ఆ పుస్తకం తిరగేస్తే వెనక ఆధారాల్లో నా పాత వ్యాసమే ఉంది. నా తప్పే తిరిగొచ్చి నాకు సాక్ష్యం చెప్పింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ పోస్టుకార్డు ఇప్పటికీ నా డ్రాయర్లో ఉంది.

కలం పేరు పెట్టుకోవాలా, ఏ పత్రికకు పంపాలి అని అడిగావు. వాటి సంగతి తర్వాత. ముందు వ్యాసంలో ప్రతి వాక్యం పక్కన మార్జిన్‌లో పెన్సిల్‌తో, అది నీకు ఎక్కడ దొరికిందో, వాళ్ళకు ఎక్కడ దొరికిందో రాసి పంపు. ఖాళీగా మిగిలినవాటిని దాచకు, అవి నేనూ నువ్వూ కలిసి వెతుకుదాం.