పాల శాంపిల్ ఫెయిలై జేసీ కోర్టు నోటీసు వచ్చింది, అరెస్టు చేస్తారా?

విజయవాడ పటమటలో మీ బూత్ నుంచి తీసిన గేదె పాల శాంపిల్ సబ్‌స్టాండర్డ్ (ప్రమాణాలకు తగ్గట్టు లేదు) అని వచ్చిందనీ, జాయింట్ కలెక్టర్ కోర్టు నోటీసు చూసి ఇంట్లో అందరూ టెన్షన్ పడుతున్నారనీ రాశారు. గుంటూరులో మాదీ పాలు, పెరుగు వ్యాపారమే. ఇలాంటి కేసే మేమూ చూశాం.

ముందు ల్యాబ్ రిపోర్టు చివర్లో అభిప్రాయం అని రాసిన భాగం చదవండి. అక్కడ సబ్‌స్టాండర్డ్ అని మాత్రమే ఉంటే ఆహార భద్రతా చట్టం 51వ సెక్షన్ వర్తిస్తుంది. గరిష్ఠంగా 5 లక్షల జరిమానా, జైలు లేదు. అందుకే అది జేసీ గారి దగ్గరికి వస్తుంది. అన్‌సేఫ్, అంటే ఆరోగ్యానికి హాని అని ఉంటే మాత్రం కథ వేరు. అది 59వ సెక్షన్, క్రిమినల్ కోర్టు. అప్పుడు లాయర్ లేకుండా అడుగు వేయకండి.

శాంపిల్ తీసిన తీరు కూడా గుర్తు తెచ్చుకోండి. మా దగ్గర ఆఫీసర్ గారు క్యాన్‌లో పాలు బాగా కలిపించి, రేటు ప్రకారం డబ్బిచ్చి కొని, నాలుగు సీసాల్లో పోసి, పాలు పాడవకుండా ఫార్మలిన్ చుక్కలు వేసి, సీలు మీద మా అన్నయ్యతో సంతకం పెట్టించారు. ఒకటి ల్యాబ్‌లో పరీక్షించే ఫుడ్ అనలిస్టుకు, రెండు డిజిగ్నేటెడ్ ఆఫీసర్‌కు (జిల్లాలో ఆహార భద్రత చూసే అధికారి) వెళతాయి. నాలుగోది మనం అడిగితే, మన ఖర్చుతో, గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు పంపాలి. రెండు రిపోర్టులూ తేడాగా వస్తే ఇంకో సీసా రెఫరల్ ల్యాబ్ అనే పై ల్యాబ్‌కు వెళుతుంది, అది చెప్పిందే ఫైనల్. మేం అడిగి పంపించాం, అక్కడా ఎస్ఎన్ఎఫ్ (పాలలో వెన్న కాకుండా మిగిలిన ఘనపదార్థం) తక్కువే వచ్చింది!

రిపోర్టు కాపీ మీ చేతికి ఏ రోజు అందిందో కవరు మీద చూడండి. ఆ రోజు నుంచి 30 రోజుల్లోపు ఫారం 8లో డిజిగ్నేటెడ్ ఆఫీసర్‌కు అప్పీలు చేసుకోవచ్చు. జేసీ నోటీసు వచ్చేసరికి సాధారణంగా ఆ గడువు దాటిపోతుంది.

దాటిపోతే ఇక వాదించాల్సింది జరిమానా ఎంత అన్నదాని మీదే. 49వ సెక్షన్ ప్రకారం ఎంత లాభపడ్డారు, తెలిసే చేశారా, మళ్లీ మళ్లీ చేస్తున్నారా అన్నవి చూడాలి. మేం ఊళ్లో పాల సేకరణ కేంద్రం ఇచ్చిన చీటీలు కట్టకట్టి పట్టుకెళ్లాం. మే నెల చీటీల్లో మాకు వచ్చిన పాలకే ఎస్ఎన్ఎఫ్ తక్కువ ఉంది. ఎండాకాలం గేదెల సంగతి మీకు తెలియంది కాదు. జేసీ గారు ఆ చీటీలు ఒక్కొక్కటీ తిప్పి చూశారు. వేసిన జరిమానా మేం భయపడిన దానిలో చిన్న భాగమే. నన్నడిగితే నోటి మాటగా ఎంత బతిమాలినా ఆ కాగితాలు చేసిన పని చేయదు.

వాయిదాకు మీరే వెళ్లొచ్చు, లాయర్‌నైనా పంపొచ్చు. ఎగ్గొడితే మీరు లేకుండానే ఆర్డరు వేసేస్తారు. ఎన్టీఆర్ జిల్లా 2022లో ఏర్పడింది కాబట్టి మీకు జేసీ ఆఫీసు విజయవాడలోనే, బందరు వెళ్లే పని లేదు. మధ్యలో ఎవరైనా వచ్చి 'నేను సెటిల్ చేయిస్తా' అంటే దండం పెట్టి పంపేయండి.

ఆర్డరు అన్యాయం అనిపిస్తే 30 రోజుల్లో ఇలాంటి అప్పీళ్లు వినే ఫుడ్ సేఫ్టీ ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. అదీ చేయకుండా, డబ్బూ కట్టకుండా కూర్చుంటే భూమి శిస్తు బకాయిలా వసూలు చేస్తారు, కట్టేదాకా లైసెన్సు సస్పెండ్ అవుతుంది.

ఇంతకీ మీ రిపోర్టులో తగ్గింది ఫ్యాటా, ఎస్ఎన్ఎఫ్ఫా? పాలు ఎక్కడ కొంటున్నారో, బిల్లులు ఉన్నాయో లేదో కూడా రాయండి.