మా ఆయన బొమ్మలు నిజంగా ఇన్వెస్ట్‌మెంటేనా?

మియాపూర్ నుంచి ఒకావిడ పెద్ద మెయిలు పెట్టారు, కుదించి చెప్తా. భర్తకి 33 ఏళ్లు, ఐటీ ఉద్యోగం, కటింగులన్నీ పోను చేతికి 1,05,000. ఇంటి లోను ఈఎమ్ఐ 38,000, నాలుగేళ్ల పాప ఉంది. రెండేళ్లుగా ఆయన నెలకి 16,000 దాకా జపాన్ యానిమే ఫిగర్స్ మీద, అంటే అక్కడి కార్టూన్ సీరియళ్లలో పాత్రల బొమ్మల మీద, గండమ్ అనే రోబో సీరియల్ కిట్ల మీద పెడుతున్నాడు. హాల్లో అద్దాల బీరువా నిండిపోయింది, బిల్లులు కూడితే 3,40,000 తేలింది, క్రెడిట్ కార్డు మీద 92,000 బాకీ నెలనెలా అలా తిరుగుతూనే ఉంది. మామగారేమో "పిల్లకాయలు చూసే కార్టూన్ బొమ్మలకి ఇంత తగలేస్తావేంట్రా" అంటారు, కొడుకేమో "ఇవి లిమిటెడ్ ఎడిషన్ నాన్నా, అయిదేళ్లలో డబుల్ అవుతాయి" అంటాడు. ఎవరి మాట నిజం అని అడిగారు.

ఇద్దరిదీ కాదమ్మా. ముందు మీ మామగారి సంగతి చూద్దాం. మీవారు అట్టపెట్టెలు పారెయ్యకుండా దాచి ఉంటాడు, కలెక్షన్ చేసేవాళ్లెవరూ పారెయ్యరు. ఒక పెట్టె తిప్పి మూలల్లో చూడండి, ఎన్నేళ్ల వాళ్లకో చిన్నగా వేసుంటుంది, ఇలాంటివాటిలో చాలావాటి మీద 15 ఏళ్లు పైబడిన వాళ్లకి అనే ఉంటుంది. అంటే ఇది పిల్లల సరుకు కాదని తయారుచేసినవాడే చెప్తున్నాడు. మరెవరికి అంటే, జీతం వచ్చే మీ ఆయనకే.

ఇదేం కొత్తగా మొదలైంది కాదు. గండమ్ సీరియల్ 1979లో జపాన్ టీవీలో వచ్చినప్పుడు దాని స్పాన్సర్ క్లోవర్ అనే బొమ్మల కంపెనీ. చిన్నపిల్లలు రోబో బొమ్మలు కొంటారని వాళ్ల లెక్క, తీరా చూస్తే కథ యుద్ధం, చావులు, పెద్దవాళ్ల రాజకీయం, చిన్నపిల్లలకి ఎక్కలేదు, రేటింగ్ రాలేదు, 52 ఎపిసోడ్లు అనుకున్నది 43కే ముగించేశారు. కానీ హైస్కూలు, కాలేజీ కుర్రాళ్లు పట్టుకున్నారు దాన్ని. వాళ్లకి రెడీమేడ్ బొమ్మ వద్దు, కూర్చుని అతికించుకునే మోడల్ కావాలి. అది బాండాయ్ అనే ఇంకో బొమ్మల కంపెనీ వాళ్లు పసిగట్టి 1980లో 300 యెన్లకి ప్లాస్టిక్ కిట్ దించారు, ఇక చూస్కోండి. క్లోవర్ 1983లో మూతబడింది. ఆ సీరియల్ తీసిన సన్‌రైజ్ స్టూడియో 1994లో బాండాయ్ గ్రూపులోకే వెళ్లిపోయింది, అంటే బొమ్మలమ్మేవాడి ఇంట్లోనే కథ తయారవుతోందన్నమాట. అప్పటి 300 యెన్ల కుర్రాడికి ఇప్పుడు అరవై దగ్గరపడుతుంటాయి, ఆయన కోసం 2020లో పర్ఫెక్ట్ గ్రేడ్ అన్‌లీష్డ్ అని 25,000 యెన్ల కిట్ వచ్చింది, పన్ను అదనం. రోబో అదే, కొనేవాడి జేబు పెరిగిందంతే.

పిల్లల కోసం తీసేవి లేవా అంటే ఉన్నాయి. 2004 నుంచి ఆదివారం పొద్దున్నే వచ్చే ప్రీక్యూర్ అచ్చంగా చిన్నపాపల కోసం, దాదాపు ఏటా హీరోయిన్లు మారతారు, వాళ్లతోపాటు మంత్రదండాలూ మారతాయి, పోయినేడాది కొన్న బొమ్మ ఈ ఏడాది పాతది. కానీ అర్ధరాత్రి దాటాక ప్రసారమయ్యే సిరీస్‌లు బోలెడున్నాయి, ఆ టైముకి ఏ పిల్లాడు మేలుకుని ఉంటాడు చెప్పండి. వాటికి ప్రొడక్షన్ కమిటీ అని ఒకటుంటుంది, పుస్తకాల పబ్లిషరు, మ్యూజిక్ కంపెనీ, బొమ్మల కంపెనీ, టీవీ, ఇలా తలా కొంత వేసుకుంటారు, మన చిట్టీ టైపు అనుకోండి, కాకపోతే ఇక్కడ డబ్బు వేసేది ఎపిసోడ్ కోసం కాదు, ఎవరి సరుకు వాళ్లు అమ్ముకోడానికి. చాలాసార్లు మనం చూసే ఎపిసోడే ఆ సరుకుకి యాడ్.

పిల్లల పేరుతో మొదలైనవి కూడా కొనేవాడి వయసుతోపాటే ఎదుగుతాయి. షోనెన్ జంప్ అని జపాన్ బొమ్మల కథల పత్రిక, పేరులోనే కుర్రాళ్లదని ఉంది, 1995 మొదట్లో ఒక్క సంచికే 65.3 లక్షల కాపీలు వేశారు. ఆ ఏడాదే అందులో డ్రాగన్ బాల్ అనే కథ అయిపోయింది. మరి 2015లో దానికి కొనసాగింపుగా డ్రాగన్ బాల్ సూపర్ ఎందుకొచ్చినట్టు? ఆ పాత పాఠకులు ఉద్యోగాల్లో కుదురుకున్నారు కాబట్టి.

మీ ఆయన సంగతీ ఇంతే అని నా అనుమానం. 33 అంటే ఆయన స్కూల్లో ఉండగా కార్టూన్ నెట్‌వర్క్‌లో బేబ్లేడ్ వచ్చేది. అది అసలు బొంగరాలు అమ్మడానికే పుట్టిన సీరియల్. ఒరిజినల్ ఎవరు కొనిచ్చారు మనకి, ఫ్యాన్సీ షాపులో ముప్పై రూపాయల డూప్లికేటు, వాటిని తిప్పే స్టేడియం అనే పళ్లెం బదులు స్నానాల టబ్బు బోర్లించి దాని వెనక పల్లంలో తిప్పడం, మా అన్నయ్య కొడుకు అలా తిప్పి తిప్పి మా వదిన టబ్బుకి బొక్క పెట్టాడు. అప్పుడు దక్కనిది మీ ఆయన ఇప్పుడు సొంత జీతంతో కొనుక్కుంటున్నాడు. దాన్ని తప్పనను. డీమన్ స్లేయర్ అనే యానిమే సినిమా 2025 సెప్టెంబర్లో తెలుగు డబ్బింగ్‌తో మన థియేటర్లకి కూడా వచ్చింది, అంటే ఇలాంటి మీ ఆయనలు ఇక్కడా బాగానే ఉన్నారని అవతలివాళ్లకి తెలుసు.

ఇప్పుడు "డబుల్ అవుతాయి" దగ్గరికొద్దాం, నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఆయన చెప్పే ఉదాహరణ పోకెమాన్ కార్డే అయుంటుంది, ఒక్క కార్డుకి 2021లో 52,75,000 డాలర్లు పలికింది. నిజమే. కానీ అది 1990ల చివర్లో బొమ్మలేసే పోటీలో గెలిచిన పిల్లలకి ప్రైజుగా ఇచ్చిన కార్డు, మొత్తం ఓ నలభై ఉంటాయేమో, అప్పట్లో దాన్ని ఎవరూ పెట్టుబడి అనుకోలేదు. ఈరోజు మీవారి బీరువాలో ఉన్న ఫిగర్‌ని వేలమంది అట్ట నలక్కుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచుకుంటున్నారు. అందరూ దాచిన సరుకుకి కొరత ఎక్కణ్ణుంచి వస్తుందండీ? పైగా డిమాండ్ కనపడితే కంపెనీ మళ్లీ అదే ఫిగర్ దించుతుంది, రీ-ఇష్యూ అంటారు, దించిన రోజే పాతదాని రేటు పడుతుంది. ఎన్ని దించాలో, ఎప్పుడు దించాలో కంపెనీ చేతిలో ఉన్నప్పుడు అది మీ ఆయన ఇన్వెస్ట్‌మెంట్ ఎలా అవుతుంది.

అమ్మేటప్పుడు ఇంకో కథ. 2020లో బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. షిప్పింగ్, విదేశీ డబ్బులో కట్టినందుకు కార్డువాడు వేసే ఫారెక్స్ మార్కప్ వేరే. ఇదంతా కట్టి తెచ్చిన బొమ్మని తిరిగి బయటి దేశంలో అమ్మాలంటే అక్కడివాడు మీ కస్టమ్స్ ఎందుకిస్తాడు, ఇక్కడే అమ్ముదామంటే కొనేవాళ్లు గుప్పెడు మంది, పైగా గీచి గీచి బేరం. నా దగ్గరికొచ్చే ఒకబ్బాయి డల్లాస్ వెళ్తూ 11 ఫిగర్లు అమ్మకానికి పెట్టాడు, రెండు నెలల్లో నాలుగు పోయాయి, అవీ కొన్న రేటు కంటే తక్కువకి, అయిదోదాన్ని ఒకాయన ఇంటిదాకా వచ్చి అట్ట మూల నొక్కుకుపోయిందని వదిలేసి వెళ్లిపోయాడు. మిగతావి వాళ్లమ్మగారి మంచం కింద ఉన్నాయి.

కాబట్టి ఆ 3,40,000ని మీ ఆస్తుల లెక్కలో సున్నా వేసుకోండి, సినిమాకి, టూరుకి పెట్టిన ఖర్చులాంటిదే అది.

అసలు మంట బీరువాలో లేదు, కార్డులో ఉంది. 92,000 మీద నెలకి 3.5 శాతం అంటే 3,220, దాని మీద జీఎస్టీ 18 శాతం, కలిపి దాదాపు 3,800. అది కట్టినందుకు ఒక్క బొమ్మ కూడా రాదు. మీ పేరు మీద 2 లక్షల ఎఫ్‌డీ ఉందన్నారు కదా, దాని మీద ఏడాది మొత్తానికి ఆరేడు శాతం వస్తుంటుంది. అందులోంచి 92,000 తీసి కార్డు మొత్తం కట్టేయండి. ఆయన కొన్నదానికి నా ఎఫ్‌డీ ఎందుకు విరగ్గొట్టాలి అని మీకు కోపం రావడం న్యాయమే, అందుకే షరతు పెట్టండి, ప్రీ-ఆర్డర్లు, అంటే ఇంకా రాని బొమ్మలు ముందే బుక్ చెయ్యడం, ఆరు నెలలు బంద్, ఆ 16,000 నెలనెలా మీ పేరు మీద ఆర్‌డీలో పడాలి. ఆరు నెలలకి 96,000, మీ డబ్బు మీకొచ్చేసినట్టే. ఏడో నెల నుంచి ఆయనకి 5,000, విడి అకౌంట్, డెబిట్ కార్డు మాత్రమే. ప్రీ-ఆర్డర్ ఎప్పుడు డెలివరీ అయినా సరే, బుక్ చేసిన నెల ఖర్చులోనే రాయాలి, లేకపోతే వచ్చే ఏడాది బొమ్మలకి ఇప్పుడే సంతకం పెట్టేస్తాడు. టర్మ్ పాలసీ లేదని మెయిలు చివర్లో ఒక్క ముక్క రాశారు, లోనూ పాపా ఉన్న ఇంట్లో అది ఈ వారమే తీసుకోండి.

బొమ్మలన్నీ అమ్మించెయ్యాలా అని కూడా అడిగారు. వద్దు. డబుల్ అవుతాయని అంత నమ్మకంగా ఉన్నాడు కాబట్టి ఈ నెల రెండే రెండు అమ్మి చూపించమనండి, షిప్పింగ్ అన్నీ పోను ఎంత చేతికొచ్చిందో పాత బిల్లు పక్కన రాసి ఫ్రిజ్ మీద అంటించండి. ఏ రెండు తియ్యాలో మాత్రం ఆయన్నే ఎంచుకోనివ్వండి, మీరు బీరువా జోలికెళ్లకండి.