వీలునామాలో నా పేరే లేదు

ప్రశ్న: లాయరమ్మ గారికి నమస్కారం. మాది తెనాలి దగ్గర పల్లెటూరు, నాకు 1983లో పెళ్ళైంది, పుట్టింట్లో నేనూ అన్నయ్యే, అమ్మ ఎప్పుడో పోయింది. నాన్న టీచర్‌గా రిటైరయ్యారు. ముత్తాత నుంచి వస్తున్న పొలంలో అన్నదమ్ముల పంపకాల్లో నాన్న వాటాకి 6 ఎకరాలు వచ్చింది, జీతం మీద టౌన్‌లో ఒక ఇల్లు కట్టారు. 2022 నవంబర్‌లో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, మాట రెండూ పడిపోయాయి, 2023 మార్చిలో పోయారు. పెద్దకర్మ అయిన రోజే అన్నయ్య వీలునామా చూపించాడు, ఆ జనవరిలో ఇంటి దగ్గరే రిజిస్టర్ అయిందంట, నాన్న వేలిముద్ర ఉంది, సాక్షులు అన్నయ్య బావమరిది, అన్నయ్యతో వ్యాపారం చేసే ఆయన. మొత్తం అన్నయ్యకే, నా పేరు ఒక్క లైన్లో కూడా లేదు. అడిగితే పెళ్ళప్పుడు కట్నం ఇచ్చేశాం కదా అంటున్నారు. రిజిస్టర్ వీలునామా కదా, ఇంక నేను చేసేదేం లేదా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఎకరాల కంటే నాన్న నన్ను మర్చిపోయారా అన్న బాధే అందులో ఎక్కువ కనిపించింది. చేసేదేం లేదు అని మాత్రం అనుకోకండి, మీకు ఉంది.

ముందు ఒక మాట. అన్యాయంగా రాశారు అన్న ఒక్క కారణంతో ఏ కోర్టూ వీలునామా కొట్టెయ్యదు. సొంత సంపాదన ఎవరికైనా రాసుకోవచ్చు, కూతురికి ఇవ్వకపోవడం ఒక్కటే అనుమానానికి కారణం కాదు. అందుకే మీరు కోర్టులో అడగాల్సింది వేరే రెండు ప్రశ్నలు: ఆ ఆస్తి మొత్తం నాన్నదేనా, ఆ వీలునామా నిజంగా నాన్న రాయించిందేనా.

మొదటిది పొలం. అది తాతముత్తాతల నాటిది, పంపకంలో నాన్నకొచ్చింది కాబట్టి పుట్టుకతోనే అన్నయ్యతో సమానంగా మీకూ హక్కుంది. మన రాష్ట్రంలో ఎన్టీఆర్ హయాంలో 1985 సెప్టెంబర్ 5 నుంచి హిందూ వారసత్వ చట్టానికి వచ్చిన సవరణ, అప్పటికే పెళ్ళైన ఆడపిల్లల్ని వదిలేసింది, మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా '1983లో పెళ్ళైంది కదా నీకు రాదు' అంటే ఆ పాత మాట పట్టుకునే అంటున్నారు. 2005 సెప్టెంబర్ 9 నుంచి కేంద్ర చట్టమే మారింది, పెళ్ళి ఎప్పుడైందన్నది దానికి సంబంధం లేదు, 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ఈ హక్కు పుట్టుకతో వచ్చేదే అని తేల్చి చెప్పింది. అంటే 6 ఎకరాల్లో నాన్నకి 2, అన్నయ్యకి 2, మీకు 2. నాన్న వీలునామాలో రాయగలిగింది తన 2 ఎకరాలే, మీ 2 ఎకరాలు రాసే అధికారం ఆయనకీ లేదు. వీలునామా నూటికి నూరు శాతం నిజమైనా సరే అవి మీవే. ఒక్కటి మాత్రం కనుక్కోండి, 2004 డిసెంబర్ 20కి ముందు నాన్న, అన్నయ్య కలిసి రిజిస్టర్ పంపకం ఏమైనా చేసుకున్నారా అని, చేసుకుని ఉంటే లెక్క మారిపోతుంది. కట్నం ఇచ్చాం కాబట్టి వాటా పోయింది అనే సెక్షన్ మాత్రం ఏ చట్టంలోనూ లేదు.

ఇక వీలునామా. రిజిస్టర్ అయినంత మాత్రాన నిజమైపోదు, అసలు వీలునామాకి రిజిస్ట్రేషనే తప్పనిసరి కాదు. ఇద్దరు సాక్షులు సంతకం చెయ్యాలి, వాళ్ళలో కనీసం ఒకరు కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పాలి. ఆ పైన అనుమానాలు ఉంటే వాటిని పోగొట్టాల్సిన బరువు వీలునామా తెచ్చినవాళ్ళ మీదే ఉంటుందని 1958లో వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ఇప్పటికీ కోర్టులు ఆ తీర్పే చూస్తాయి. చెయ్యి పడిపోయిన మనిషి వేలిముద్ర వెయ్యడంలో తప్పు లేదు, దాని మీద టైమ్ వేస్ట్ చేసుకోకండి. మాట పడిపోయిన మనిషి ఫలానా ఆస్తి ఫలానా వాళ్ళకి అని ఎవరికి, ఎలా చెప్పారు? రాసినదాన్ని ఆయనకి ఎవరు చదివి వినిపించారు, ఆయన అర్థం చేసుకున్నారని ఎవరు చూశారు? మీ కేసు మొత్తం ఇక్కడే ఉంది. లాభపడే అన్నయ్యే దగ్గరుండి అంతా చేయించి, సాక్షులు కూడా ఆయన మనుషులే అయితే కోర్టు ఇంకా జాగ్రత్తగా చూస్తుంది. కానీ బెదిరించి వేయించారు, మోసం చేశారు అని మీరు రాస్తే అది మీరే నిరూపించాలి, కాబట్టి కోపంలో ప్లెయింట్ (కోర్టులో వేసే దావా కాగితం) నిండా ఆరోపణలు పెట్టించకండి.

వీలునామా పడిపోతే నాన్న 2 ఎకరాలు, ఇల్లు మీ ఇద్దరికీ చెరిసగం. నిలబడితే ఇల్లు అన్నయ్యదే, మీకు 2 ఎకరాలు మిగులుతాయి, ఇది కూడా మనసులో పెట్టుకోండి.

వెంటనే ఆసుపత్రి కేస్ షీట్ తీసుకోండి, అన్నిటికంటే అర్జెంట్ అదే, పాత రికార్డులు ఎప్పటికీ ఉంచరు. నాన్న డెత్ సర్టిఫికెట్‌తో రిజిస్ట్రార్ ఆఫీసులో వీలునామా నకలుకి అప్లై చెయ్యండి, రాసినవాళ్ళు పోయాక ఎవరడిగినా ఇస్తారు. ఈసీలో, అంటే ఆస్తి లావాదేవీలు చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో, వెతికితే అది కనపడదు, కంగారుపడకండి. ఎవరు ఎంత బతిమాలినా హక్కు విడుదల దస్తావేజు మీద గానీ ఖాళీ కాగితం మీద గానీ సంతకం పెట్టొద్దు. అడంగల్‌లో (రెవెన్యూ వాళ్ళ పొలం రికార్డు) అన్నయ్య పేరు ఎక్కినా భయపడొద్దు, దానితో హక్కు మారిపోదు. పంపకాల దావా వేసి, అన్నయ్య పొలం అమ్మకుండా ఆపే కోర్టు ఆర్డర్ (ఇంజంక్షన్) అడగండి. మిమ్మల్ని వాటా నుంచి తప్పించారని తెలిసిన రోజు నుంచి 12 ఏళ్ళ టైమ్ ఉంది గానీ, వీలునామా చెల్లదని కోర్టు ప్రకటించాలని (డిక్లరేషన్) కూడా అడగాలంటే దానికి గడువు 3 ఏళ్ళే, మీకు ఆ తేదీ ఎప్పుడు మొదలైందో చూడాలి, కాబట్టి ఈ వారమే లాయర్‌ని కలవండి. డబ్బులేదని ఆగొద్దు, ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 15100కి ఫోన్ చెయ్యండి.

ప్రశ్న: నాన్న తన రిటైర్‌మెంట్ డబ్బుతో హైదరాబాద్‌లో కొన్న ఫ్లాట్ తమ్ముడికి రాశారు, పూర్తి ఆరోగ్యంగా ఉన్నప్పుడే, సొంత దస్తూరితో. కేసు వేస్తే గెలుస్తానా?

జవాబు: మీరు చెప్పినదాన్ని బట్టి గెలవరు బాబూ. బాధగా ఉంటుందని తెలుసు, కానీ సొంత ఆస్తి, సొంత దస్తూరి, మంచి ఆరోగ్యం, ఇన్ని ఉన్నాక ఏళ్ళ తరబడి కోర్టు చుట్టూ తిప్పడం నాకిష్టం లేదు. సాక్షులు ఇద్దరూ సరిగ్గా ఉన్నారో లేదో మాత్రం ఒకసారి చూపించుకోండి.

ప్రశ్న: నాకు 68, ఖమ్మంలో ఇల్లు నా పేరునే ఉంది. పిల్లలు కొట్టుకోకుండా ఎలా రాయాలి?

జవాబు: స్టాంపు పేపర్ అక్కర్లేదమ్మా, తెల్ల కాగితం చాలు. మీ చేతితో రాయండి, ఎవరికైనా తక్కువ ఇస్తుంటే ఎందుకో రెండు మాటలు రాయండి, కొట్లాటలు చాలావరకు ఆ రెండు మాటలు లేకే. సాక్షులు మీకంటే చిన్నవాళ్ళు, ఆస్తిలో ఏమీ రానివాళ్ళు అయ్యుండాలి, అదే రోజు డాక్టర్ దగ్గర సర్టిఫికెట్ తీసుకోండి. బ్యాంకు ఎఫ్‌డీకి నామినీ పెట్టాను కదా అని దాన్ని వదిలెయ్యకండి, నామినీ డబ్బు తీసుకుంటాడు గానీ అది తనదైపోదు, ఎవరికో రాయాలి. మనసు మారితే ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, చివరిదే చెల్లుతుంది కాబట్టి పాతది రద్దు చేస్తున్నానని కొత్తదాంట్లో రాసి, కాగితం ఎక్కడ పెట్టారో పిల్లలందరికీ ఒకేసారి చెప్పండి.