టర్బో కారుకు మార్పులు: ఇంటేక్ నుంచి హెడ్‌లైట్ల దాకా ఏది ముందు, ఏది వద్దు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. డాలస్ పరిసరాల్లో వాడిన 2016 సుబారు డబ్ల్యూఆర్ఎక్స్ ప్రీమియం, మాన్యువల్ గేర్లది, కొన్నారు. కోల్డ్ ఎయిర్ ఇంటేక్ (ఇంజిన్‌లోకి గాలి తెచ్చే గొట్టం), జే-పైపు (టర్బో నుంచి పొగ బయటికి వెళ్లే పైపు), బ్లో-ఆఫ్ వాల్వ్ (టర్బోలో మిగిలిన గాలిని బయటికి వదిలేది), ఎల్ఈడీ హెడ్‌లైట్ బల్బులు, నల్ల పొర వేసిన వెనక లైట్లు, ఇదే వరుసలో కొనాలనుకుంటున్నారు. ఈ వరుస సరైనదేనా అని, హైదరాబాద్‌లో పోలో జీటీ నడుపుతున్న మీ తమ్ముడికి ఇక్కడి నుంచి లైట్లు పంపవచ్చా అని అడిగారు. ఇదే తరం కారును ఇక్కడే కొన్నేళ్లుగా నడుపుతూ, చేయదగ్గ పనులు చాలావరకు సొంతంగా గ్యారేజీలోనే చేసుకుంటున్నాను కనుక, నా అనుభవం మేరకు చెబుతాను. మీ వరుసను దాదాపు తిరగేయాలి. కొన్ని వస్తువులను పూర్తిగా వదిలేయాలి.

ఏ భాగమైనా కొనే ముందు, ఈ కారు పాత యజమాని చేతిలో ఏమేం మార్పులకు గురైందో తెలుసుకోండి. డబ్ల్యూఆర్ఎక్స్‌ను మామూలుగా నడిపి మామూలుగానే అమ్మేవాళ్లు తక్కువ. కాబ్ కంపెనీ యాక్సెస్‌పోర్ట్ అనే పరికరంతో ఇంజిన్ కంప్యూటర్‌లోని ప్రోగ్రాం మార్చినప్పుడు, ఆ పరికరానికీ ఆ కంప్యూటర్‌కీ జత కుదురుతుంది. యజమాని ఆ జతను విడదీయకుండా పరికరాన్ని వేరుగా అమ్ముకుంటే, ట్యూన్, అంటే ఆ మార్చిన ప్రోగ్రాం, కారులోనే ఉండిపోతుంది, కొత్త పరికరం ఆ కంప్యూటర్‌తో కలవదు. కాబట్టి కారులో అలాంటి ట్యూన్ ఉందేమో ముందుగా చూపించుకోండి. సిలిండర్లలో ఒత్తిడి నిలుస్తోందా, లీకవుతోందా అని చూసే కంప్రెషన్, లీక్-డౌన్ పరీక్షలు చేయించండి. ఈ ఎఫ్ఏ20 ఇంజిన్ పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకే చిమ్ముతుంది, అందువల్ల ఇంటేక్ వాల్వుల వెనుక పేరుకునే మసిని కడిగే పెట్రోలు ధార అక్కడికి చేరదు. ఎక్కువ మైళ్లు తిరిగిన కారైతే అక్రోటు పెంకుల పొడిని ఒత్తిడితో కొట్టి ఆ మసిని తీయించడం, ఏ మెరిసే పైపు కన్నా ముందు చేయవలసిన పని. స్పార్క్ ప్లగ్గులు మార్చారో లేదో తెలియకపోతే మార్చేయండి. ఆయిలు ఎపిఐ ఎస్‌పీ గుర్తున్న 5డబ్ల్యూ-30 సింథటిక్ వాడండి, మట్టం ఎప్పటికప్పుడు చూస్తూ ఉండండి.

ఇక ఇంటేక్ సంగతి. మీ జాబితాలో ఇది మొదట ఉండటం సహజమే, ఎందుకంటే చవక, బిగించడం తేలిక, శబ్దం బాగుంటుంది. కానీ ఈ కారులో గాలి లోపలికి వచ్చే గొట్టం కేవలం గొట్టం కాదు, అది కొలపాత్ర. దానిలో అమర్చిన మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఒక వేడి తీగ మీదుగా పోయే గాలిని బట్టి వోల్టేజీ చూపుతుంది. ఆ వోల్టేజీకి ఎంత గాలి అనే పట్టిక, కంపెనీ గొట్టం వ్యాసాన్ని అనుసరించి కంప్యూటర్‌లో రాసి ఉంటుంది. వ్యాసం పెద్దదైన గొట్టం పెట్టి పట్టికను అలాగే ఉంచితే, తవ్వతో కొలిచి సోల లెక్క రాసుకున్నట్టే. నిజంగా వచ్చిన గాలి కన్నా తక్కువ వచ్చిందని కంప్యూటర్ అనుకుంటుంది. నిదానంగా నడిపేటప్పుడు ఎగ్జాస్ట్‌లోని సెన్సర్ చూసి పెట్రోలును సవరించుకుంటుంది కనుక తేడా మీకు తెలియదు. బూస్ట్, అంటే టర్బో తోసే గాలి ఒత్తిడి, నిండినప్పుడు మాత్రం రెండు దెబ్బలు ఒకేసారి తగులుతాయి. పెట్రోలు వాటా తగ్గుతుంది, పైగా ఇంజిన్ మీద భారం తక్కువగా ఉందని లెక్కగట్టిన కంప్యూటర్ ఆ తక్కువ భారానికి తగినట్టు స్పార్క్‌ను మరింత ముందుగా ఇస్తుంది. ఆ రెండూ కలిస్తే నాకింగ్, అంటే సిలిండర్‌లో మిశ్రమం అదుపు తప్పి పేలడం, వస్తుంది. ఒక మిత్రుడి కారులో ట్యూన్ లేకుండా ఇలాంటి గొట్టం బిగించి డేటా రికార్డు చేసినప్పుడు, 1 దగ్గర నిలకడగా ఉండవలసిన డీఏఎం, అంటే ఇగ్నిషన్ మీద కంప్యూటర్‌కు ఉన్న నమ్మకాన్ని చూపే సంఖ్య, పడిపోవడం నేను చూశాను. కంపెనీ గొట్టం తిరిగి పెట్టాక కొద్ది రోజుల్లో కోలుకుంది. కంపెనీ ఫిల్టర్ పెట్టె ఈ 2.0 లీటర్ల ఇంజిన్‌కు చాలా మేరకు సరిపోతుంది కనుక, ఇంటేక్‌ను మీ జాబితా చివరికి నెట్టేయండి. పెట్టదలిస్తే దానికోసమే రాసిన ట్యూన్‌తో పెట్టండి. నూనె పూసిన ఫిల్టర్ అయితే ఆ నూనె వేడి తీగకు అంటకుండా చూసుకోండి.

కంపెనీ చెప్పిన 268 హార్స్‌పవర్‌ను పెంచేది నిజానికి ట్యూన్, పైపులు కాదు. స్టేజ్ 1 అనే మొదటి అంచె ట్యూన్ ఏ భాగాన్నీ మార్చకుండానే బూస్ట్, ఇగ్నిషన్, థ్రాటిల్ స్పందనలను సవరిస్తుంది. రోజువారీ వాడకంలో తెలిసేంత తేడా మొదట అక్కడే వస్తుంది. కాలిఫోర్నియాలో దొరికేది ఎక్కువగా 91 ఆక్టేన్ కాగా, మన టెక్సస్‌లో 93 సులభంగా దొరకడం మీ అదృష్టం. ట్యూన్‌ను మీరు కొట్టించే పెట్రోలుకే ఎంచుకోండి. ఆ తర్వాత గమనించవలసింది స్పీడోమీటరును కాదు, మూడు సంఖ్యలను. డీఏఎం 1 దగ్గర ఉందా, ఫీడ్‌బ్యాక్ నాక్ (నాకింగ్ విన్న వెంటనే కంప్యూటర్ చేసే సవరణ) పూర్తి థ్రాటిల్‌లో పదేపదే వస్తోందా, ఫైన్ నాక్ లెర్నింగ్ (అది గుర్తుపెట్టుకున్న సవరణ) ఒకే ఆర్‌పీఎం దగ్గర పాతుకుపోయిందా అన్నవి చూడాలి. గేరు మార్చేటప్పుడు అరుదుగా కనిపించే ఒకటిన్నర డిగ్రీలోపు సవరణను చూసి కంగారు పడనక్కరలేదు. అయితే ఆరో గేరులో 2,000 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ నేలకు తొక్కే అలవాటుంటే ఇప్పుడే మానుకోండి. తక్కువ ఆర్‌పీఎంలో పూర్తి బూస్ట్ వచ్చే ఇలాంటి ఇంజిన్లలో స్పార్క్ రాకముందే మంట అంటుకునే ప్రమాదం అక్కడే ఉంది. బలహీనమైన కనెక్టింగ్ రాడ్లు వంగేది కూడా ఆ ఒత్తిడికే. ఈ ఇంజిన్ రాడ్లకు 350 పౌండ్-అడుగుల టార్క్ దాటకూడదని ట్యూనర్లలో స్థూలంగా ఒక అభిప్రాయం ఉంది. మంచి ట్యూనర్ ఎవరైనా మధ్య ఆర్‌పీఎంలలో టార్క్‌ను కావాలనే అణచి ఉంచుతాడు. ఆ అణచివేతను తీసేయమని అడగకండి.

ఇక్కడి ఎండ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఈ కారు ఇంటర్‌కూలర్ ఇంజిన్ మీదే, బానెట్ మీది గాలి రంధ్రం కింద కూర్చుని ఉంటుంది. ఆగస్టులో 40 డిగ్రీల ఎండలో యూఎస్-75 మీద వాహనాల రద్దీలో ఇరుక్కుంటే, కింది ఇంజిన్ వేడి అంతా దానికి ఎక్కుతుంది. దారి దొరికాక తొక్కిన మొదటి కొన్ని క్షణాలు కారు మందంగా ఉండటానికి కారణం అదే. మీ డబ్బులో కొంత వేగం కోసమే పెట్టాలనుకుంటే, ఇంటేక్ కన్నా పెద్ద టాప్-మౌంట్ ఇంటర్‌కూలర్ ఇక్కడ ఎక్కువ ఫలితమిస్తుంది. ఇంజిన్ శక్తిని కొలిచే డైనో యంత్రం ఇచ్చే కాగితం మీద పెద్ద సంఖ్య రాకపోవచ్చు, కానీ వేసవి సాయంత్రం కూడా కారు ఉదయంలా లాగుతుంది. ట్యూన్ చేసిన కారులో తరువాత జారడం మొదలుపెట్టేది క్లచ్. దానికి కొంత సొమ్ము పక్కన పెట్టుకుని ఉండండి.

జే-పైపు విషయంలో నేను సూటిగా చెబుతాను. టర్బో నుంచి బయటికి వచ్చే ఆ పైపులో క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. దాన్ని తీసేయడం దేశమంతటికీ వర్తించే క్లీన్ ఎయిర్ యాక్ట్ ప్రకారం నిషిద్ధం. కన్వర్టర్ ఉన్నదే అని అమ్మే పైపులన్నీ చట్టబద్ధమైనవి కావు. కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఇచ్చే ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ సంఖ్య మీ మోడల్‌కు వర్తిస్తుందా అన్నదే మీరు చూడవలసిన ఆధారం. టెక్సస్‌లో 2025 జనవరి 1 నుంచి మామూలు కార్లకు సేఫ్టీ తనిఖీ ఎత్తేశారు గాని, డాలస్, కాలిన్, డెంటన్, టారంట్ వంటి కౌంటీలలో ఉద్గారాల పరీక్ష అలాగే ఉంది. పైగా ట్యూన్ ఎక్కించిన ప్రతిసారీ కంప్యూటర్‌లోని స్వీయ పరీక్షల ఫలితాలు చెరిగిపోతాయి. 2001, ఆ తర్వాతి మోడళ్లలో ఒక్క స్వీయ పరీక్ష మాత్రమే అసంపూర్తిగా ఉండవచ్చు, రెండుంటే పరీక్షకు తీసుకోరు. కాబట్టి రిజిస్ట్రేషన్ గడువుకు ముందు వారంలో ట్యూన్ మార్చకండి. ఇంట్లో ఒకే కారు, దాంట్లోనే ఆఫీసుకు వెళ్లాలి అన్నప్పుడు జే-పైపు తెచ్చే లాభం ఈ తలనొప్పికి తగినది కాదన్నది నా అభిప్రాయం. శబ్దమే కావాలంటే కన్వర్టర్ వెనుక భాగాన్ని, అంటే సైలెన్సర్ల వైపును మార్చుకోండి.

బ్లో-ఆఫ్ వాల్వ్ వద్దు. సెన్సర్ ఒకసారి కొలిచేసిన గాలిని అది బయటికి వదిలేస్తుంది, కంప్యూటర్ మాత్రం ఆ గాలి ఉందనుకునే పెట్రోలు పోస్తుంది. గేరు మార్చిన ప్రతిసారీ మిశ్రమం చిక్కబడుతుంది, అంతకు మించి ఆ బుస్సుమనే శబ్దానికి ప్రయోజనం లేదు.

లైట్ల దగ్గరకు వస్తే, ఇంటేక్‌లో చెప్పిన సూత్రమే ఇక్కడా వర్తిస్తుంది. మీ ప్రీమియం మోడల్‌లో డిమ్ లైటుకు ఉన్నది హెచ్11 హ్యాలొజెన్ బల్బు. హెడ్‌లైట్ డొప్పను, కటకాన్ని రూపొందించినవారు ఆ బల్బులోని సన్నని తీగ ఎక్కడ, ఎంత పొడవున, ఏ దిశలో వెలుగుతుందో లెక్కవేసి కాంతిని మలిచారు. ఎల్ఈడీ బల్బులో చిప్పులు ఒక పలక రెండు వైపులా అంటించి ఉంటాయి, వాటి నుంచి వెలుతురు పుట్టే ఆకారం వేరు. ఒక పార్కింగ్ గ్యారేజీ గోడకు 25 అడుగుల దూరంలో కారు నిలిపి, ఒకవైపు హ్యాలొజెన్, మరోవైపు ఎల్ఈడీ పెట్టి నేను పోల్చి చూశాను. ఎల్ఈడీ వైపు గోడంతా తెల్లగా మెరిసింది గాని, దూరపు దారికి వెళ్లవలసిన నడిమి కాంతి పలచబడింది, పైన ఉండవలసిన గీత చెదిరి ఎదుటివారి కళ్లలోకి వెళ్లేంత కాంతి ఎగబాకింది. కారు ముందు నాలుగు అడుగులు పట్టపగల్లా కనిపించడంతో నడిపేవారికి లైటు పెరిగిందనే అనిపిస్తుంది. నిజానికి దగ్గరి వెలుతురు ఎక్కువైతే కంటిపాప ముడుచుకుని దూరం మరింత చీకటిగా కనిపిస్తుంది. హెచ్11 బల్బు ప్రమాణం సుమారు 1,350 ల్యూమెన్లు. పెట్టె మీద పది వేలు, ఇరవై వేలు అని రాసే సంఖ్యలను పట్టించుకోకండి. అమెరికా లైట్ల ప్రమాణం, ఎఫ్ఎంవీఎస్ఎస్ 108, హెడ్‌లైట్లలో ఇలా మార్చే ఎల్ఈడీ బల్బులను అనుమతించదు. "డాట్ (అమెరికా రవాణా శాఖ) ఆమోదం పొందినది" అనే రాతకూ అర్థం లేదు, ఎందుకంటే ఇక్కడ ప్రభుత్వం ముందుగా ఆమోదించే పద్ధతే లేదు, తయారీదారే తన వస్తువు ప్రమాణానికి తగినదని ధ్రువీకరించుకోవాలి.

అలాగని వెలుతురు పెంచుకోలేమని కాదు. 2016 కారు లైట్ల మీది ప్లాస్టిక్ పసుపెక్కి మసకబారి ఉంటుంది. నీటిలో తడిపిన సన్నని ఎమరీ కాగితాలతో వరుసగా రుద్ది, చివర యూవీ పూత వేస్తే ముప్పై డాలర్ల లోపు ఖర్చుతో వచ్చే తేడా మీరు నమ్మలేరు. ఆ పూత మాత్రం మరిచిపోకండి, అది లేకుంటే ఏడాది తిరిగేసరికి మళ్లీ పసుపెక్కుతుంది. తరువాత మంచి హ్యాలొజెన్ బల్బులు కొత్తవి వేసి, సమతలమైన నేల మీద, టైర్ల గాలి సరిచూసి, మీ సీటులో ఒక మనిషి కూర్చుని ఉండగా లైట్ల గురి సరిచేయండి. 25 అడుగుల దూరంలో గోడ మీద కాంతి పై గీత, లైటు మధ్య ఎత్తు కన్నా సుమారు రెండు అంగుళాలు కిందకు ఉండాలి. తక్కువ ఎత్తు స్ప్రింగులు వేయించుకున్నా ఈ గురి మళ్లీ చూడాలి. ఎల్ఈడీయే కావాలంటే బల్బు కాకుండా, ఎల్ఈడీ కోసమే రూపొందించిన పూర్తి హెడ్‌లైట్ అసెంబ్లీ కొనండి. ఖరీదు ఎక్కువే, కానీ లైట్ల మీద పెట్టే డబ్బులో అర్థముండేది అక్కడే.

వెనక లైట్ల మీద నల్ల పొర వద్దనే చెబుతాను. టెక్సస్ చట్టం ప్రకారం వెనక దీపం 1,000 అడుగుల నుంచి, బ్రేక్ దీపం మామూలు ఎండలో 300 అడుగుల నుంచి స్పష్టంగా కనిపించాలి. పొరతో తగ్గేది ఆ బ్రేక్ వెలుతురే, మీ వెనక వచ్చేవారికి అది పగలే ఎక్కువ అవసరం. ఇండికేటర్లకు ఎల్ఈడీ బల్బులు పెడితే, 21 వాట్ల బల్బు ఫ్యూజు పోయిందనుకుని కారు ఇండికేటర్‌ను గబగబా వెలిగించి ఆర్పుతుంది. 6 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి సమాంతరంగా కలిపితే అది సర్దుకుంటుంది గాని, 12 వోల్టుల దగ్గర 24 వాట్ల వేడి ఆ చిన్న డబ్బాలో పుడుతుంది. దాన్ని ప్లాస్టిక్‌కు, తీగలకు ఆనించకుండా లోహపు భాగానికే బిగించాలి.

మీ జాబితాలో లేనివి టైర్లు, బ్రేకులు. నా లెక్కలో అవే మొదటివి. 235/45ఆర్17 పరిమాణంలో మంచి వేసవి టైర్లు, మెరుగైన బ్రేక్ ప్యాడ్లు, కొత్త బ్రేక్ ఫ్లూయిడ్ వేసిన రోజు నుంచి కారు మలుపుల్లో వేరుగా ప్రవర్తిస్తుంది. కాయిలోవర్లు, అంటే కారును కిందకు దించే గట్టి సస్పెన్షన్, మాత్రం అమ్మానాన్నలు వేసవికి వచ్చి తిరిగి వెళ్లేదాకా వాయిదా వేసుకోండి. వెనక సీట్లో వాళ్లు పడే బాధ మీరే చూడాల్సి వస్తుంది.

మీ తమ్ముడి పోలోకు ఇక్కడి నుంచి లైట్లు పంపకండి. భారత మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కారు మార్పులను కట్టడి చేస్తుంది. తయారీదారు నిర్దేశించిన దానికి భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. చట్టానికి మించిన ఆచరణాత్మక కారణం మరొకటుంది. అమెరికాలో వాహనాలు రోడ్డుకు కుడివైపు నడుస్తాయి, అందుకని ఇక్కడి డిమ్ లైటు కాంతిని కుడి అంచు వైపు కాస్త ఎక్కువ దూరం పంపేలా మలుస్తారు. అదే లైటును ఎడమవైపు నడిచే హైదరాబాద్ రోడ్ల మీద పెడితే, ఆ ఎక్కువ కాంతి సరిగ్గా ఎదురుగా వచ్చేవారి కళ్లలోనే పడుతుంది. తమ్ముడికి కావలసింది అక్కడి మోడల్‌కే తయారైన కంపెనీ హెడ్‌లైట్, దానితోపాటు ఒక సాయంత్రం గోడ ముందు నిలిపి గురి సరిచేసే ఓపిక.