43 సంతకాలు, 6 బిల్లులు

ప్రశ్న: మా కాలనీలో చాలామందిమి డాబాల మీద ఒకే కంపెనీ వాటర్‌ప్రూఫ్ పెయింటు వేయించుకున్నాం. ‘ఐదేళ్ళు చుక్క నీరు దిగదు’ అని వారి ప్రకటన. మొదటి తుపానుకే పడకగదిలో బకెట్లు పెట్టుకున్నాం. 43 ఇళ్ళవారితో సంతకాలు పెట్టించి, మాలా మోసపోయిన అందరి తరఫునా శ్రీకాకుళం వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాను. కంపెనీకి నోటీసైనా పంపకుండా కొట్టివేశారు. అబద్ధం చెప్పినవారే గెలిచినట్లా?
– ఒక పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: కంపెనీ గెలవలేదు లెండి. వారు చెప్పింది నిజమో అబద్ధమో కమిషన్ తేల్చనే లేదు. మీరు పంపిన కాగితాల కట్ట రెండు రాత్రులు కూర్చుని చదివాను. కోపం తెచ్చుకోనంటే ఒక మాట: ఆ కుర్చీలో నేనున్నా అదే పని చేసేవాణ్ణి.

సంతకాలు 43. వాటిలో మూడు ఒకే చేతిరాత, నా కళ్ళజోడు ఇంకా పనిచేస్తోంది. బిల్లులు 6. అందులో రెండు వేరే కంపెనీ డిస్టెంపరువి. అసలు ప్రకటన ఏదని వెతికితే ‘బస్టాండు గోడ మీద ఉండేది, ఇప్పుడు సున్నం కొట్టేశారు’ అని రాశారు. ఫొటో లేదు, కరపత్రం లేదు. పెయింటు దోషమా, మేస్త్రీ నీళ్ళు ఎక్కువ కలిపాడా, శ్లాబుకే పగుళ్ళున్నాయా అన్నది ఏ ఇంటికి ఆ ఇంటి కథ. మరి అందరిదీ ఒకే బాధ అని కమిషన్ ఎలా నమ్ముతుంది?

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో 35(1)(సి) అనే సెక్షన్ ఉంది. ఒకే ప్రయోజనం ఉన్న అనేకమంది తరఫున ఒకరిద్దరు ఫిర్యాదు చేయవచ్చు, కానీ కమిషన్ అనుమతి కావాలి. ఈ అనుమతి దగ్గర ఎందుకంత పట్టుదల అంటారేమో. సివిల్ దావాలు నడిపే పద్ధతి చెప్పే చట్టం, అంటే సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆర్డర్ 1, రూల్ 8 దీనికీ వర్తిస్తుంది. దాని ప్రకారం అనుమతి ఇచ్చాక సంబంధితులందరికీ, వీలుకాకపోతే బహిరంగ ప్రకటన ద్వారా, తెలియజేయాలి. ఆ ఖర్చు ఫిర్యాదుదారుదే. తర్వాత వచ్చే తీర్పు అందరికీ కట్టుబాటు. అంటే మీరు బలహీనంగా వాదించి ఓడిపోతే, బిల్లూ డబ్బా భద్రంగా దాచుకుని మీ పేరైనా వినని ఏ పలాసవారో కూడా మీతోపాటు ఓడిపోతారు. వారి నెత్తిన ఆ బండ పడకుండా చూడడమే ఆ అనుమతి పని.

2021 డిసెంబరులో సుప్రీంకోర్టు బ్రిగేడ్ ఎంటర్‌ప్రైజెస్ అనే ఇళ్ళ నిర్మాణ కంపెనీ కేసులో ఇదే చెప్పింది. బెంగళూరులో 51 ఫ్లాట్లు కొన్న 91 మంది, మొత్తం 1134 ఫ్లాట్లవారి తరఫున అంటూ ఫిర్యాదు వేశారు. మిగిలినవారి ప్రయోజనమూ తమదీ ఒకటేనని ఫిర్యాదులో సరిగా చూపలేదు గనుక అందరి తరఫునా కుదరదంది కోర్టు. అయితే ఆ 91 మంది తమ కోసం తాము వేసుకున్న ఉమ్మడి ఫిర్యాదుగా నడుపుకోవచ్చని దారి చూపింది. ఆ రెండో ముక్కే మీకు పనికొచ్చేది.

ఇలాంటి దెబ్బ నేనూ తిన్నాను. 1998లో విజయనగరం గంటస్తంభం దగ్గర కొన్న ఫ్యాన్ల మీద కేసు. ‘సగం కరెంటే’ అని ప్రకటన. 19 మంది మాస్టర్లను వెంటబెట్టుకుని వెళ్ళాను. ‘ప్రకటన చూసి కొన్నవారు చేతులెత్తండి’ అన్నారు ఫోరం (ఇప్పటి కమిషన్‌కు అప్పటి పేరు) అధ్యక్షులు. రెండు చేతులు లేచాయి. ఇంకొకాయన లేచి, ‘మా బావమరిది కొట్టండి, అరువిస్తాడని కొన్నాను’ అన్నాడు. అందరూ నవ్వారు. ఫ్యానుకు ముందూ తర్వాతా కరెంటు బిల్లులు చూపగలిగినవారు ఒక్కరూ లేరు. ఆ చేతులెత్తిన ఇద్దరూ నిజంగా నష్టపోయినవారు. గుంపులో కలిపి వారినీ ముంచాను. నేను తీసుకున్న ఫీజు తిరిగిచ్చేసినా ఆ సంగతి మనసులోంచి పోలేదు.

అమెరికాలో ఇలాంటి దావాలు కోకొల్లలు. అక్కడా జడ్జీలు ఊరుకోరు. చల్లని పానీయాల్లో ఐసు ఎక్కువ వేసి తక్కువ పోస్తున్నారని స్టార్‌బక్స్ అనే కాఫీ దుకాణాల కంపెనీ మీద వేసిన సామూహిక దావాను 2016లో కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టు కొట్టివేసింది. ఐసు వేస్తే పానీయం తగ్గుతుందని పిల్లలకే తెలిసినప్పుడు పెద్దలు మోసపోయారంటే ఎలా అన్నది దాని సారాంశం. మీది అంత తేలిక వ్యవహారం కాదు. ‘మీ ఇంటికి రాజసం’ లాంటి మాటలైతే ఉత్త గొప్పలు, ఎవరూ లెక్కపెట్టరు. ‘ఐదేళ్ళు’ అన్నది లెక్కకు అందే మాట. పట్టుకోవలసింది దాన్నే.

కాబట్టి 43ను మరచిపోండి. సరైన బిల్లులున్న నలుగురూ మీ కోసమే ఉమ్మడిగా వేయండి. మీకు అనుమతి నిరాకరించిన ఉత్తర్వులో ప్రకటన బాగోగుల మీద ఒక్క వాక్యం లేదు, అందుచేత అది మీకు అడ్డురాదు. ఫిర్యాదుకు కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్ళ గడువు, అది దాటనివ్వకండి. చెల్లించిన ధర 5 లక్షల లోపే గనుక ఫీజు లేదు. దుకాణంలో అదే బ్యాచి డబ్బా సీలు తీయనిది దొరికితే బిల్లుతో కొనండి, ప్రయోగశాలకు పంపమని కమిషన్‌ను కోరవచ్చు. పరీక్ష రుసుము మాత్రం మిమ్మల్నే కట్టమనవచ్చు, సిద్ధంగా ఉండండి.

ఇక అందరి తరఫునా అన్న మీ తపన ఉంది చూశారూ, దానికి వేరే గుమ్మం ఉంది. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద జిల్లా కలెక్టరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ విచారించి ప్రకటన ఆపించగలదు, 10 లక్షల వరకూ జరిమానా వేయగలదు. మీ చేతికి పైసా రాదు గానీ గోడ మీద ఆ రాత మళ్ళీ రాకుండా పోతుంది. దానికీ ప్రకటన నకలు కావాలి. సున్నం కొట్టని గోడ ఇంకెక్కడైనా ఉందేమో సైకిలు మీద తిరిగి చూడండి.

పక్కింటివారు ఖాళీ డబ్బాలో తులసి మొక్క వేశారని రాశారు. దాని మీద బ్యాచి నంబరు ఉండవచ్చు. మొక్కను వేరే కుండీలోకి మార్చి, డబ్బాను తోమకుండా లోపల పెట్టమనండి.