మాస్ స్పెక్ మీద హెచ్‌బీఏ1సీ చేయబోతున్న అమ్మాయికి

అమ్మాయ్,

కొత్త ల్యాబ్‌లో నిన్ను హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) రిఫరెన్స్ పద్ధతి, అంటే మిగతా పద్ధతులను సరిచూసుకునే పద్ధతి, మీద వేశారని విన్నాను. మాస్ స్పెక్ అంటే అణువుల బరువు తూచే మెషీనే, దాని గురించి టెన్షన్ పెట్టుకోకు, అది పాడైతే చూడ్డానికి ఇంజనీర్ వస్తాడు. ఫలితం తేలేది శాంపిల్ అందులోకి వెళ్లకముందే.

ఎర్రకణాలను సెలైన్‌తో కడిగి, సెలైన్‌లోనే 37 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచమంటారు కదా, అది చాదస్తం అనుకోకు. గ్లూకోజ్ మొదట హీమోగ్లోబిన్‌కి వదులుగా అంటుకుంటుంది, గట్టిపడేది తర్వాత. పేషెంట్ పొద్దున్నే తిన్న నాలుగు ఇడ్లీలకు పెరిగేది ఆ వదులు రకం, మనకు కావాల్సింది గట్టిపడినది. రెండింటి బరువూ ఒక్కటే కాబట్టి కోట్లు పెట్టి కొన్న మాస్ స్పెక్ కూడా బరువు చూసి తేడా చెప్పలేదు, ముందే నువ్వు వదిలించుకోవాలి.

తర్వాత హీమోగ్లోబిన్‌ని గ్లూ-సి అనే ఎంజైమ్‌తో ముక్కలుగా కోయడం. పీహెచ్ 4.3 దగ్గర, 37 డిగ్రీల్లో, రాత్రంతా. మధ్యాహ్నం పెట్టి సాయంత్రానికి తీసేద్దామని మాత్రం చూడకు. హీమోగ్లోబిన్‌లోని బీటా గొలుసు మొదట్లోని ఆరు అమైనో ఆమ్లాల ముక్క ఊడి వస్తుంది. మాస్ స్పెక్ బరువును చార్జీతో భాగించిన అంకె దగ్గర పీక్ (గ్రాఫ్ మీద శిఖరం) చూపిస్తుంది: మామూలుది 695 దగ్గర, గ్లూకోజ్ అంటినది 857 దగ్గర, రెండు చార్జీలతో వచ్చినవి 348, 429 దగ్గర.

ఆ పీకులను ఒకదాంతో ఒకటి భాగించేసి శాతం రాసెయ్యకు! రెండు ముక్కలూ ఒకేలా అయనీకరణం చెందవు, అంటే రెండిటికీ చార్జీ ఒకేలా ఎక్కదు. శుద్ధమైన ఏ0 (గ్లూకోజ్ అంటని హీమోగ్లోబిన్), ఏ1సీ (బీటా గొలుసు మొదట్లో గ్లూకోజ్ అంటినది) తెలిసిన పాళ్లలో కలిపిన కాలిబ్రేటర్లను శాంపిళ్లతో పాటే కోసి, పాటే నడిపి, వాటితో గీసిన గీత మీదే శాంపిల్ విలువ చదువు. రిపోర్టు మిల్లీమోల్ పర్ మోల్‌లో ఇవ్వు. 48 అంటే డాక్టర్లకు అలవాటైన 6.5 శాతం.

ఇంత తతంగం ఎందుకు, బీటా గొలుసు మొత్తాన్నీ తూచి 162 డాల్టన్లు (ఒక గ్లూకోజ్ అంటితే పెరిగే బరువు) పెరిగినదాన్ని లెక్కేస్తే పోదా అని ఎవరో ఒకరు అంటారు. అప్పుడు గొలుసులో వేరే చోట్ల ఉండే లైసిన్లకు (ఒక రకం అమైనో ఆమ్లం) అంటిన గ్లూకోజ్ కూడా లెక్కలోకి వచ్చేస్తుంది, అది ఏ1సీ కాదు.

ఇంకొకటి, మన అరకు, ఆదిలాబాద్ ఏజెన్సీల నుంచి శాంపిల్ వస్తే సికిల్ సెల్ ఉందేమో ముందు కనుక్కో. ఎంజైమ్ కోసేది ఆరో స్థానంలోని గ్లుటామిక్ ఆమ్లం దగ్గర, సికిల్‌లో అక్కడ వాలీన్ ఉంటుంది, కాబట్టి ఆ గొలుసు నుంచి నీకు కావాల్సిన ముక్క రానే రాదు. ట్రెయిట్ (ఒక్క సికిల్ జీన్ మాత్రమే) ఉన్నవాళ్లలో మామూలు గొలుసుల లెక్క మాత్రమే వస్తుంది. పీక్ చిన్నదైందని కోత సరిగా పడలేదనుకుని మళ్లీ మళ్లీ చేస్తూ కూర్చోకు, ఎలక్ట్రోఫోరెసిస్ (హీమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే పరీక్ష) రిపోర్టు తెప్పించు.